కంప్యూటర్ కాపురం మార్చడం ఎలా?

కంప్యూటర్ రానిదే ఉద్యోగం రాదని చెప్పుకునే రోజులివి. మన హాస్టల్‌లో చదివి బయటికి వెళ్లినవాళ్లలో ఎక్కువ మందికి మొదటి కంప్యూటర్ కొత్తది కాదు. ఎవరో వాడి వదిలేసిన డెస్క్‌టాపో, సెకండ్ హ్యాండ్ లాప్‌టాపో అయి ఉంటుంది. ఆన్ చేస్తే టీ తాగి వచ్చేదాకా తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. "ఇది పోయింది, కొత్తది కొనాల్సిందే" అని ఎవరో ఒకరు తేల్చేస్తారు. అలాంటి వాటిలో చాలావాటికి కొత్త కంప్యూటర్ అక్కర్లేదు, కొత్త డిస్క్ ఒక్కటి చాలు. అయితే పాత డిస్క్‌లో ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్‌ను కొత్త డిస్క్‌లోకి మార్చడం తెలియాలి. పరిగి నుంచి హిందూపురం పోయి మెకానిక్ చేతికి ఇచ్చే ముందు ఆ పని ఎలా జరుగుతుందో మన తమ్ముళ్లకు తెలిసి ఉండాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

నెమ్మది ఎందుకు?

పాత కంప్యూటర్లలో ఉండేది హార్డ్‌డిస్క్. దాని లోపల గుండ్రటి పళ్లాలు తిరుగుతుంటాయి. డెస్క్‌టాప్ డిస్క్ సాధారణంగా నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 120 చుట్లు. కావలసిన సమాచారం ముల్లు కిందికి రావడానికి సగటున అర చుట్టు ఆగాలి. ముల్లు తన చోటికి జరగడానికి మరికొంత సమయం పడుతుంది. రెండూ కలిపితే సెకనులో సుమారు వందో వంతు. ఇది చాలా తక్కువ అనిపిస్తుంది. కానీ విండోస్ లేచేటప్పుడు వేలకొద్దీ చిన్న చిన్న ఫైళ్లను వెతికి చదువుతుంది. హార్డ్‌డిస్క్ సెకనుకు వంద చోట్లకు మించి వెతకలేదు. అందుకే ఆ ఆలస్యం.

ఎస్‌ఎస్‌డి అనే కొత్త రకం డిస్క్‌లో తిరిగే భాగమే లేదు. పెన్‌డ్రైవ్‌లో లాగా చిప్‌లు ఉంటాయి. వెతకడానికి చుట్టు తిరగనక్కర్లేదు కాబట్టి సెకనుకు వేల చోట్ల నుంచి చదవగలదు. ప్రాసెసర్ పాతదే అయినా కంప్యూటర్ చురుకు కావడానికి కారణం ఇదే.

ఫైళ్లు కాపీ చేస్తే సరిపోదా?

చాలామంది అడిగే ప్రశ్న ఇది. పాటలు, ఫొటోలు కాపీ చేసినట్టే సి డ్రైవ్ మొత్తాన్ని కొత్త డిస్క్‌లోకి కాపీ చేస్తే పోదా? పోదు.

1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని మన పెనుకొండకు మారింది. హంపి నుంచి సొమ్ము మోసుకొచ్చినంత మాత్రాన పెనుకొండ రాజధాని అయిపోలేదు. రాజు రావాలి, పరిపాలన రావాలి, ఇకపై ఆజ్ఞలు ఇక్కడి నుంచే వస్తాయని సామంతులందరికీ తెలియాలి. ఆపరేటింగ్ సిస్టమ్ విషయమూ అంతే. ఫైళ్లు సొమ్ము వంటివి. వాటితోపాటు "ఇక్కడి నుంచే మొదలుపెట్టు" అని కంప్యూటర్‌కు చెప్పే ఏర్పాటు కూడా మారాలి. దీన్నే బూట్ లోడర్ అంటారు.

పాత పద్ధతి కంప్యూటర్లలో ఈ ఏర్పాటు డిస్క్ మొట్టమొదటి 512 బైట్లలో మొదలవుతుంది. దాని పేరు ఎంబీఆర్. అది ఏ ఫోల్డర్‌లోనూ కనిపించదు కాబట్టి కాపీలో రాదు. కొత్త పద్ధతి కంప్యూటర్లలో ఇందుకోసం వంద ఎంబీ లేదా అంతకు కొంచెం ఎక్కువ సైజున్న చిన్న పార్టిషన్ దాగి ఉంటుంది. దానికి డ్రైవ్ అక్షరం ఉండదు. మై కంప్యూటర్ తెరిచినా కనిపించదు. పైగా విండోస్ నడుస్తున్నప్పుడు తన సొంత ఫైళ్లలో కొన్నింటిని ఎవరినీ ముట్టుకోనివ్వదు. అందువల్ల మామూలు కాపీ సగంలోనే ఆగిపోతుంది. కనిపించేవి, కనిపించనివి అన్నీ కలిపి డిస్క్‌ను ఉన్నది ఉన్నట్టు దించుకోవడమే సరైన దారి. దీనికి క్లోనింగ్ అని పేరు.

క్లోనింగా, కొత్త ఇన్‌స్టలేషనా?

కొత్త డిస్క్‌లో విండోస్‌ను మళ్లీ మొదటి నుంచి ఎక్కించవచ్చు కూడా. వైరస్‌లు పట్టి, పనికిరాని ప్రోగ్రాములతో నిండిపోయిన కంప్యూటర్‌కు అదే మేలు. క్లోనింగ్ చేస్తే మంచితోపాటు చెడూ వస్తుంది మరి.

కానీ తెలుగువాళ్లకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. మనలాంటి వార్షికోత్సవ సంచికలు, కరపత్రాలు, పెళ్లి పత్రికలు ఎన్నో ఏళ్లుగా డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో తయారవుతూ వచ్చాయి. పేజ్‌మేకర్ చివరి కూర్పు 7.0 వచ్చింది 2001లో. అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు ఉండే స్థానాల్లో తెలుగు రూపాలను అమర్చిన ఫాంట్లు అవి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఆ ఫైల్ తెరిస్తే మన కవిత స్థానంలో అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. యూనికోడ్ 1991లో తన మొదటి కూర్పులోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించింది. అయినా మన పాత రాతలు వాటిలో లేవు.

అంటే ఒక పాత కంప్యూటర్‌లో విండోస్‌ను తుడిచేస్తే ఫైళ్లు మిగిలినా వాటిని చదివే దారి పోవచ్చు. ఫాంట్లు, కీబోర్డు సాఫ్ట్‌వేర్, పేజ్‌మేకర్ అన్నీ పనిచేస్తున్న పాత కంప్యూటర్ ఎక్కడైనా ఉంటే దాన్ని క్లోన్ చేసి భద్రపరచడం మంచిది.

మార్చే ముందు చూసుకోవాల్సినవి

మొదటిది, పాత డిస్క్ ఆరోగ్యం. టకటకమని శబ్దం చేస్తున్నా, ఫైళ్లు తెరవడానికి మొరాయిస్తున్నా వెంటనే క్లోనింగ్‌కు దిగవద్దు. ముందు ముఖ్యమైన ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోవాలి. పదో తరగతి మార్కుల జాబితా, కుల, ఆదాయ ధ్రువీకరణ పత్రాల స్కాన్లు, ప్రాజెక్టు రిపోర్టులు ముందు బయటపడాలి. విండోస్ మళ్లీ దొరుకుతుంది, ఇవి దొరకవు. డిస్క్ బాగానే ఉన్నా ఈ పని మాత్రం మానకూడదు.

రెండోది, సైజు. కొత్త డిస్క్ పాతదానికి సమానంగానో, పెద్దదిగానో ఉంటే పని సులువు. రెండు కంపెనీల డిస్క్‌ల మీద ఒకే సైజు రాసి ఉన్నా లోపల కొద్దిగా తేడా ఉండవచ్చని గుర్తుంచుకోవాలి. కొత్తది చిన్నదైతే ముందుగా పాత డిస్క్‌లోని అనవసరమైనవి తీసేసి, పార్టిషన్‌ను కుదించుకోవాలి.

మూడోది, బిట్‌లాకర్. కొన్ని లాప్‌టాప్‌లలో డిస్క్‌కు ఈ తాళం వేసి ఉంటుంది. క్లోనింగ్‌కు ముందు దాన్ని తీసేయాలి. దాని 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి పెట్టుకోవాలి.

మార్చే పద్ధతి

కొన్ని కంపెనీలు తమ ఎస్‌ఎస్‌డి కొన్నవారికి క్లోనింగ్ సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా ఇస్తాయి. అది లేకపోయినా తైవాన్‌లో తయారైన క్లోన్‌జిల్లా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, కంప్యూటర్‌ను ఆ పెన్‌డ్రైవ్ నుంచే ఆన్ చేయాలి. అప్పుడు విండోస్ నిద్రలో ఉంటుంది కాబట్టి ఏ ఫైలూ మొరాయించదు.

కొత్త డిస్క్‌ను డెస్క్‌టాప్‌లో అయితే రెండో సాటా కేబుల్‌కు తగిలించవచ్చు. లాప్‌టాప్‌కు సాటా డిస్క్ అయితే, సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్ కావాలి. క్లోన్‌జిల్లాలో డిస్క్ నుంచి డిస్క్‌కు అనే పద్ధతి ఎంచుకుంటే ఏది మూలం, ఏది గమ్యం అని అడుగుతుంది. అసలు ప్రమాదం ఈ ఒక్క ప్రశ్నలోనే ఉంది. రెండూ తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి నిండు డిస్క్ మీద పడుతుంది, ఉన్నదంతా పోతుంది. డిస్క్ పేరు, సైజు ముందే కాగితం మీద రాసుకుని, ఒకటికి రెండుసార్లు పోల్చి చూసి, ఆ తర్వాతే ఎంటర్ నొక్కాలి.

ఎంతసేపు పడుతుంది? 200 జీబీ సమాచారం ఉందనుకుందాం. సెకనుకు 100 ఎంబీ చొప్పున పోతే 33 నిమిషాలు. పాత యూఎస్‌బీ 2.0 ద్వారా సెకనుకు 30 ఎంబీ చొప్పున పోతే దాదాపు 1 గంట 50 నిమిషాలు. మధ్యలో కరెంటు పోతే కంగారు పడనక్కర్లేదు. పాత డిస్క్ నుంచి చదవడమే జరుగుతోంది, దాని మీద రాయడం లేదు. కరెంటు వచ్చాక మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టవచ్చు.

పని పూర్తయ్యాక కంప్యూటర్ ఆపి, పాత డిస్క్‌ను విప్పి పక్కన పెట్టి, కొత్తదానితోనే ఆన్ చేయాలి. రెండూ కలిపి ఉంచితే రెండింటికీ ఒకే గుర్తింపు సంఖ్య ఉంటుంది కాబట్టి కంప్యూటర్ తికమక పడుతుంది, లేదా మనకు తెలియకుండానే పాతదాని నుంచి లేస్తుంది. కొత్తదానితో లేవకపోతే బయాస్‌లోకి వెళ్లి బూట్ వరుసలో కొత్త డిస్క్‌ను మొదట పెట్టాలి.

పాత డిస్క్‌ను ఏం చేయాలి?

వెంటనే ఫార్మాట్ చేయకూడదు. కొత్త ఇంట్లో పాలు పొంగించినంత మాత్రాన పాత ఇంటి తాళం చెవి పారేయం కదా! రెండు మూడు వారాలు వాడి చూడాలి. ఫైళ్లు తెరుచుకుంటున్నాయా, తెలుగు ఫాంట్లు కనిపిస్తున్నాయా, ప్రింటర్ పనిచేస్తోందా అన్నీ చూసుకోవాలి. ఆ తర్వాత కూడా పాత డిస్క్ బాగుంటే దాన్ని బ్యాకప్‌కు ఉంచుకోవడమే తెలివైన పని.

ఒక హెచ్చరిక

కొత్త డిస్క్ వేగాన్ని ఇస్తుంది కానీ వయసును తగ్గించదు. విండోస్ 10కు ఉచిత భద్రతా మార్పులు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. విండోస్ 11కు టీపీఎం 2.0 కావాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం, ఆపై రకమై ఉండాలి. డిస్క్ మార్చినంత మాత్రాన ఈ అర్హత రాదు. అలాంటి కంప్యూటర్‌కు లినక్స్ మంచి దారి. సీడాక్ సంస్థ తయారుచేసిన బాస్ లినక్స్ 2007లో వచ్చింది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగులోనే పనిచేసే లినక్స్‌ను తయారుచేసింది. ఏదైనా ఇంటర్నెట్‌కు కలపని పాత కంప్యూటర్‌ను డీటీపీ పనికి మాత్రమే వాడుకుంటే అది వేరే మాట.

తమ్ముళ్లూ! మన ఇళ్లలో కొడవలి పిడి ఊడితే కొత్త పిడి వేస్తారు గానీ కొడవలిని పారేయరు. కంప్యూటర్ కూడా పనిముట్టే. దానిలో ఏ భాగం అరిగిందో తెలుసుకుని, ఆ ఒక్కదాన్నీ మార్చుకోవడం నేర్చుకుంటే డబ్బు మిగులుతుంది, చేతికి ఒక విద్య వస్తుంది. పాత సంచికల ఫైళ్లు ఎవరి దగ్గరైనా పాత డిస్క్‌లలో ఉంటే అవి పూర్తిగా ఆగిపోకముందే ఒక కాపీ తీసి హాస్టల్‌కు ఇవ్వవలసిందిగా పూర్వ విద్యార్థులను కోరుతున్నాం.