ఇత్తడి దీపములను తోమవచ్చునా?

ఫిన్లండు రాజధానియగు హెల్సింకీలో డిసెంబరు చివర పగలు దాదాపు 6 గంటలే. అట్టి చోట ఇంటి దీపము ఎట్లుండవలెననునది పెద్ద ప్రశ్నయే. 1918లో సహచరులతో కలిసి 'తైతో' సంస్థను నెలకొల్పిన పావో టినెల్ (1890–1973) దానికి ముఖ్యముగా ఇత్తడితో సమాధానము చెప్పెను. పలుచని రేకునకు వరుసలుగా సన్నని రంధ్రములు తొలిచి బల్బుపై గొడుగువలె అమర్చిన దీపములు అతనికి పేరు తెచ్చినవి. అదే నగరమందలి సవాయ్ భోజనశాలకు 1937లో ఆల్వార్ ఆల్తో గంట ఆకారపు ఇత్తడి దీపమును రూపొందించెను.

ఇత్తడి రాగి, యశదముల మిశ్రలోహము. అది నీలికాంతిని కొంత పీల్చుకొని, పసుపు, ఎరుపు కాంతులను ఎక్కువగా పరావర్తనము చేయును. అందుచే గొడుగు లోపలినుండి తిరిగివచ్చు వెలుగు వెచ్చగా తోచును.

ఆనాటి దీపములను నేడు అనేకులు సేకరించుచున్నారు. ఇత్తడి పూత పూసిన ఇనుమును పట్టుటకు అయస్కాంతము చాలును. ఇనుమును అది లాగును, ఇత్తడిని లాగదు. కాని ఇత్తడి అయినంత మాత్రమున అది టినెల్ దీపము కాదు గదా! తయారీదారు ముద్రను, పైనున్న గోధుమవన్నె పొరను కూడ పరీక్షింపవలెను. ఆ పొర ఏండ్ల తరబడి గాలి, తేమ తగిలి ఏర్పడినది. మందు పూసి ఒక్కనాటిలో తెచ్చిన నలుపు సాధారణముగా అంతట ఒకే తీరుగా నుండును. కాలము తెచ్చినది చేతులు తగిలిన చోట ఒక తీరు, మూలలందు మరొక తీరు.

మన ఇండ్లలో బిందెలను చింతపండుతో తోముదురు. అందలి టార్టారిక్ ఆమ్లము ఆక్సైడును కరగించును, బిందె తళతళలాడును. బిందెకు అది మంచిదే. దీపమును అట్లు తోమినచో వయస్సును తెలుపు పొర పోవును. పదేపదే రుద్దినచో ముద్రయు అరిగిపోవును.

అమ్మోనియా కలిసిన మెరుగుమందులు మరింత హానికరము. దీనికి నిదర్శనము భారతదేశముననే కలదు. బ్రిటిషు సైన్యము గుర్రపుసాలలలో నిలువచేసిన ఇత్తడి తూటా గొట్టములు వర్షాకాలమున వాటంతటవే పగులుచుండెను. గుర్రపు మూత్రమునుండి వెలువడు అమ్మోనియా, గాలిలోని తేమ, లోహమును వేడిచేయక సాగదీసినపుడు లోపల మిగిలిన బిగువు, ఈ మూడును కలిసి పగుళ్ళు తెచ్చునని 1921 నాటికి తేలినది. వేడిచేయక రేకును వంచి, తొలిచి చేసిన గొడుగులోను అట్టి బిగువు మిగిలియుండవచ్చును. కనుక పొడిగానున్న మెత్తని గుడ్డతో దుమ్ము తుడుచుటయే మేలు.

తీగల విషయమున మాత్రము పాతదనముపై మమకారము పనికిరాదు. రబ్బరు తొడుగు ఎండి పెళుసై పగిలినచో విద్యుత్తు ఇత్తడి భాగములలోనికే పారును, ముట్టుకొన్నవారికి ప్రాణాపాయము. తెలిసిన పనివానిచే కొత్త తీగలు వేయించి, ఎర్తింగు పెట్టించి, పాత తీగను విడిగా దాచుకొనవచ్చును.