జట్టును రద్దు చేశారు... లెక్కలు మళ్లీ వేయించారు!

మీరు ఏ విభాగం కోసం ఆ కాలేజీలో చేరారో, ఆ విభాగాన్నే యాజమాన్యం సగంలో ఎత్తేస్తే? ‘బడ్జెట్ సరిపోవడం లేదు, రిపోర్టు చూశాం, నిర్ణయం తీసుకున్నాం’ అని ఒక్క సమావేశంలో తేల్చేస్తే? అమెరికాలోని బర్మింగ్‌హామ్ నగరంలో 2014 చివర్లో సరిగ్గా ఇదే జరిగింది. అక్కడ పోయింది ఫుట్‌బాల్ జట్టు. మన కుర్రాళ్లకు పోయేది బ్రాంచి కావచ్చు, సెక్షన్ కావచ్చు, చేరిన ఏడాదికే కంపెనీ మూసేసే ప్రాజెక్టూ కావచ్చు. అందుకే ఈ కథ ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లకు పనికొస్తుంది.

ముందు ఒక మాట. అక్కడ ఫుట్‌బాల్ అంటే మనం అనుకునే సాకర్ కాదు. హెల్మెట్లు, భుజాలకు కవచాలు వేసుకుని, కోలగా ఉండే బంతితో ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. ఒక్కో యూనివర్సిటీ జట్టులో వందమంది దాకా ఉంటారు. పై స్థాయి పోటీల్లో ఆడే యూనివర్సిటీ అప్పట్లో 85 మంది ఆటగాళ్లకు పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చు. ట్యూషన్ ఫీజు, హాస్టల్, భోజనం అన్నీ అందులోనే. అంటే ఆ కుర్రాళ్లలో చాలామందికి డిగ్రీకి దారి చూపించింది ఆటే. మన దగ్గర స్పోర్ట్స్ కోటాలో సీటు తెచ్చుకోవడం లాంటిది అనుకోండి, కానీ దాని వెనకున్న డబ్బు మాత్రం ఎన్నో రెట్లు పెద్దది.

మంచి సీజన్ ఆడిన వారంలోనే...

యూనివర్సిటీ ఆఫ్ అలబామా ఎట్ బర్మింగ్‌హామ్. అందరూ యూఏబీ అంటారు. వైద్య విద్యకు, పెద్దాసుపత్రికి పేరున్న సంస్థ. దాని ఫుట్‌బాల్ జట్టు మాత్రం ఏళ్ల తరబడి ఓడుతూనే వచ్చింది. 2014లో బిల్ క్లార్క్ అనే కొత్త కోచ్ వచ్చాడు. ఆ ఏడాది జట్టు ఆరు గెలిచి ఆరు ఓడింది. ఇదేం గొప్ప అనిపించొచ్చు కానీ, సీజన్ తర్వాత జరిగే ‘బౌల్’ మ్యాచ్‌కు అర్హత రావాలంటే ఆరు గెలవాలి. ఆ అర్హత పదేళ్ల తర్వాత మొదటిసారి వచ్చింది. స్టేడియానికి వచ్చే జనం సగటున ముందటేడాది కంటే దాదాపు రెట్టింపయ్యారు.

నవంబరు 29న చివరి మ్యాచ్ గెలిచారు. డిసెంబరు 2న యూనివర్సిటీ అధ్యక్షుడు రే వాట్స్ జట్టు మొత్తాన్నీ కూర్చోబెట్టి ఫుట్‌బాల్ రద్దు చేస్తున్నామని చెప్పాడు. బౌలింగ్, రైఫిల్ షూటింగ్ జట్లు కూడా పోయాయి. ఆ సమావేశం వీడియో బయటికొచ్చింది. సైన్యంలో పనిచేసి వచ్చి, వయసులో మిగతావాళ్ల కంటే పెద్దవాడైన ఒక ఆటగాడు లేచి అధ్యక్షుణ్ని నిలదీయడం దేశమంతా చూసింది. పై స్థాయిలో ఆడే యూనివర్సిటీ ఏదైనా ఫుట్‌బాల్‌ను వదులుకోవడం 1995 తర్వాత అదే మొదటిసారి.

కారణం? డబ్బు. యూఏబీ క్రీడా విభాగం బడ్జెట్ ఏడాదికి 3 కోట్ల డాలర్ల దాకా ఉండేది. అందులో సుమారు 2 కోట్లు యూనివర్సిటీ ఖజానా నుంచే వచ్చేవి. జట్టును పోటీలో నిలబెట్టాలంటే వచ్చే ఐదేళ్లలో ఇంకో 4.9 కోట్ల డాలర్లు కావాలని ఒక కన్సల్టెన్సీ సంస్థ రిపోర్టు ఇచ్చింది. అప్పటి మారకంలో మన లెక్క ప్రకారం దాదాపు 300 కోట్ల రూపాయలు. ఆ సొమ్మును చదువుకు, పరిశోధనకు పెడదాం అన్నది యాజమాన్యం వాదన.

తప్పుపట్టడానికి లేని వాదనలాగే ఉంది కదూ? గ్రూప్ డిస్కషన్‌లో ఈ టాపిక్ ఇస్తే పదిమందిలో ఎనిమిదిమంది ‘చదువే ముఖ్యం, రద్దు సరైనదే’ అంటారు. అక్కడే ఆగిపోతే మీరూ ఆ ఎనిమిదిమందిలో ఒకరు.

అంకెను అడగండి

బర్మింగ్‌హామ్‌లో పూర్వ విద్యార్థులు, అధ్యాపకులు, అభిమానులు నినాదాల దగ్గర ఆగిపోలేదు. ఆ 4.9 కోట్ల అంకె ఎలా వచ్చిందని అడిగారు. 2015 జనవరిలో అధ్యాపకుల సెనేట్ అధ్యక్షుడిపై అవిశ్వాస తీర్మానం చేసింది. ఫుట్‌బాల్ కావాలని ప్రొఫెసర్లు ఓటేయడమేంటని అనిపిస్తుంది. ఎవరినీ అడగకుండా ఇంత పెద్ద నిర్ణయం తీసుకున్నారన్నది వాళ్ల అసలు అభ్యంతరం.

తర్వాత వేరే ఆర్థికవేత్తల సంస్థతో రెండో రిపోర్టు తయారైంది. అందులో చర్చకొచ్చిన ఒక సంగతి మీరు కచ్చితంగా అర్థం చేసుకోవాలి. ఎందుకంటే రేపు ఏ కంపెనీలో చేరినా ఈ మెలిక ఎదురవుతుంది. ఆటగాడి స్కాలర్‌షిప్పును క్రీడా విభాగం ‘ఖర్చు’గా రాస్తుంది. ఆ డబ్బు ఎవరికి వెళ్తుంది? అదే యూనివర్సిటీకి, ఫీజు రూపంలో. అంటే ఎడమ జేబులోంచి తీసి కుడి జేబులో వేసుకోవడమే. తరగతి గదిలో కుర్చీలు ఖాళీగా ఉన్నప్పుడు ఒక విద్యార్థి అదనంగా కూర్చుంటే యూనివర్సిటీకి నిజంగా అయ్యే ఖర్చు, ఫీజు బోర్డు మీద రాసిన మొత్తం కంటే చాలా తక్కువ. ఫీజు మొత్తాన్నీ ఖర్చుగా చూపిస్తే నష్టం భారీగా కనిపిస్తుంది. అసలు ఖర్చే వేస్తే ఆ నష్టం కరిగిపోతుంది.

దీనికి తోడు ఇంకో సంగతి. యూఏబీ అప్పట్లో ఆడిన లీగ్ నిబంధనల ప్రకారం సభ్య యూనివర్సిటీలన్నీ ఫుట్‌బాల్ ఆడాల్సి ఉండేది. ఫుట్‌బాల్ పోతే లీగ్‌లో చోటు ఉంటుందా? అది పోతే బాస్కెట్‌బాల్ సంగతేంటి? మొదటి అంకె పక్కన ఈ ప్రశ్నలు పెట్టి చూస్తే బొమ్మ వేరేలా కనిపించింది.

దీని వెనక రాజకీయం ఉందని అనుమానించినవాళ్లూ తక్కువేం కాదు. అలబామా రాష్ట్రంలో మూడు క్యాంపస్‌లకు కలిపి ఒకే ట్రస్టీల బోర్డు. దేశంలోనే పేరుమోసిన ఫుట్‌బాల్ జట్టు టస్కలూసా క్యాంపస్‌ది. బోర్డు పెద్ద క్యాంపస్ వైపే మొగ్గుతుందన్నది బర్మింగ్‌హామ్ వాళ్ల పాత ఫిర్యాదు. అనుమానం అనుమానమే, రుజువు కాదు. కానీ ఏ నిర్ణయాన్ని చదివినా ‘రిపోర్టు ఎవరు రాయించారు, సంతకం ఎవరిది, వాళ్లపైన ఎవరున్నారు’ అని చూసుకోవడం మంచి అలవాటు.

వెళ్లినవాళ్లు, ఉండిపోయినవాళ్లు

ఈ గొడవంతా తేలడానికి ఆరు నెలలు పట్టింది. ఆటగాళ్లకు అంత టైం లేదు. అవతల సెమిస్టర్ పరీక్షలు, ఇవతల భవిష్యత్తు. మామూలుగా అయితే అప్పట్లో పై స్థాయిలో ఒక యూనివర్సిటీ నుంచి ఇంకోదానికి మారిన ఫుట్‌బాల్ ఆటగాడు ఒక ఏడాది పోటీలకు దూరంగా కూర్చోవాలి. జట్టే రద్దయితే ఆ షరతు వర్తించదు. రద్దు ప్రకటన వచ్చిన కొద్ది రోజులకే వేరే యూనివర్సిటీల కోచ్‌లు బర్మింగ్‌హామ్‌లో వాలిపోయారు. మన భాషలో చెప్పాలంటే క్యాంపస్ డ్రైవ్!

జోర్డాన్ హోవార్డ్ అనే కుర్రాడు 2014లో ఆ జట్టు తరఫున 1,587 గజాలు పరుగెత్తాడు. జట్టు పోగానే ఇండియానా యూనివర్సిటీకి మారాడు. 2016లో షికాగో బేర్స్ అనే ప్రొఫెషనల్ జట్టు అతణ్ని ఐదో రౌండులో తీసుకుంది. మొదటి సీజన్‌లోనే 1,313 గజాలు పరుగెత్తి, ఆ ఏడాది లీగ్ మొత్తంలో రెండో స్థానంలో నిలిచాడు. అతనికి పనికొచ్చింది ఏంటి? పాత జట్టు ఉన్నా పోయినా, ఆడిన ప్రతి మ్యాచ్ వీడియోలో ఉంది. కొత్త కోచ్‌కు చూపించడానికి అదే సరిపోయింది. మీ గిట్‌హబ్ ఖాతా, ఇంటర్న్‌షిప్‌లో చేసిన పని, ప్రాజెక్టు రిపోర్టు అలాంటివే. కాలేజీ పేరు మారినా మీతోపాటు వచ్చేవి అవే.

అందరూ హోవార్డ్‌లు కారు. రిజర్వ్‌లో ఉండి మైదానంలోకి అంతగా దిగనివాళ్ల దగ్గర చూపించడానికి వీడియో కూడా తక్కువే. ఇలాంటి నిర్ణయాల్లో దెబ్బ మొదట తగిలేది వాళ్లకే, వార్తల్లోకి రానిదీ వాళ్లే.

2015 జూన్ 1న రే వాట్స్ మళ్లీ మైకు ముందుకొచ్చాడు, ఈసారి ఫుట్‌బాల్‌ను తిరిగి తెస్తున్నామని చెప్పడానికి. నిర్వహణ లోటు కింద కావాల్సిన 1.72 కోట్ల డాలర్లకు హామీలు దొరికాయి. ఊరి వ్యాపారులు, నగర పాలకులు, విద్యార్థులు తలా ఒక చెయ్యి వేశారు. ప్రకటన రాగానే జట్టు పుట్టుకురాదు కదా. కోచ్ క్లార్క్ ఎక్కడికీ పోకుండా అక్కడే ఉండి, రెండేళ్ల కాలేజీల నుంచి కుర్రాళ్లను ఏరి తెచ్చాడు. 2016 అంతా ఒక్క మ్యాచ్ కూడా లేకుండా సాధనే. ఆడే రోజు ఎప్పుడో తెలిసినా, మధ్యలో ఏడాదిన్నర ఊరికే చెమటోడ్చడం తేలికేం కాదు. గ్రూప్స్ నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ చదివేవాళ్లకు ఆ బాధ వేరే చెప్పక్కర్లేదు!

2017 సెప్టెంబరులో సొంత ఊళ్లో మొదటి మ్యాచ్‌కు 45 వేలమందికి పైగా వచ్చారు. ఆ సీజన్‌లో 8 గెలిచి 5 ఓడారు. 2018లో లీగ్ చాంపియన్లు.

రద్దు చేయడమే సరైన చోట...

దీన్ని చదివి ‘ఏదైనా సరే రద్దు చేయకూడదు’ అనుకోవద్దు. యూనివర్సిటీ ఆఫ్ షికాగో ఒకప్పుడు ఫుట్‌బాల్‌లో దిగ్గజం. దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడికి ఇచ్చే హైస్‌మన్ ట్రోఫీని 1935లో మొట్టమొదట అందుకున్నది అక్కడి జే బెర్వాంగరే. నాలుగేళ్లు తిరిగేసరికి అదే జట్టు మిషిగన్ చేతిలో 85-0తో ఓడింది. అధ్యక్షుడు రాబర్ట్ హచిన్స్‌కు కాలేజీ ఆటలో టికెట్ల డబ్బు పెత్తనం ముందునుంచీ గిట్టదు. 1939 డిసెంబరులో జట్టును తీసేశారు. మూడేళ్ల తర్వాత, 1942 డిసెంబరు 2న, ఖాళీగా పడున్న ఆ స్టేడియం గ్యాలరీల కిందే ఎన్రికో ఫెర్మీ బృందం నియంత్రిత అణు శృంఖల చర్యను ప్రపంచంలో మొదటిసారి సాధించింది. 1969లో ఫుట్‌బాల్ తిరిగొచ్చింది కానీ చిన్న స్థాయిలో, ఆట కోసం స్కాలర్‌షిప్పులేవీ లేకుండా.

రెండు చోట్లా తీసేసింది జట్టునే. షికాగో మాత్రం ‘మా పని ఏంటి’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పి తీసేసింది. బర్మింగ్‌హామ్‌లో చూపించింది ఒక అంకె. ఆ అంకె నిలబడలేదు.

ఇక మన సంగతి

సివిల్, మెకానికల్ సీట్లు తగ్గించి కంప్యూటర్ సైన్స్, ఏఐ సెక్షన్లు పెంచుకునే కాలేజీలను కౌన్సెలింగ్ వేళ చూస్తూనే ఉన్నాం. మీ బ్రాంచికే ఆ పరిస్థితి వస్తే కంగారుపడి టీసీ చేతికి తీసుకోకండి. ఏఐసీటీఈ నిబంధనల్లో క్రమంగా మూసివేత అనే పద్ధతి ఉంది. కొత్త అడ్మిషన్లు ఆపేస్తారు, ఇప్పటికే చేరినవాళ్లు కోర్సు పూర్తి చేసేదాకా నడపాలి. మీ కాలేజీ ఏ పద్ధతికి దరఖాస్తు చేసిందో ప్రిన్సిపాల్ కార్యాలయంలో లిఖితపూర్వకంగా అడగండి. ల్యాబ్‌లు, ఫ్యాకల్టీ చివరి ఏడాది దాకా ఉంటారా అన్నదీ అందులోనే రాయండి. ఒక్కరు కాకుండా క్లాసంతా సంతకాలు పెడితే జవాబు త్వరగా వస్తుంది.

ఎంఎస్‌కు అమెరికా వెళ్లాలనుకునేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. అక్కడ చాలా యూనివర్సిటీలు విద్యార్థుల నుంచి క్రీడల ఫీజు వసూలు చేస్తాయి, మీరు స్టేడియం మొహం చూసినా చూడకపోయినా. ఫీజుల పట్టికలో ట్యూషన్ కింద ఉండే చిన్న చిన్న లైన్లన్నీ కూడి చూశాకే లోన్ మొత్తం నిర్ణయించుకోండి. చేరాక మీ ప్రోగ్రామ్‌నే మూసేస్తామంటే ముందుగా కలవాల్సింది క్యాంపస్‌లోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని. ఎఫ్-1 వీసా రికార్డును వేరే యూనివర్సిటీకి బదిలీ చేసేది వాళ్లే. కొత్త అడ్మిషన్ చేతికి రాకుండా పాత చోట క్లాసులు మానేయకండి.