ఆకాశములో ఒకే కప్పు క్రింద

వేసవి రాత్రులలో వాకిట మంచము వేసుకొని పడుకొనే అలవాటు మన పల్లెలలో ఇంకా పూర్తిగా పోలేదు. అలా పడుకొన్నవారిలో కొందరు, ప్రొద్దుగూకిన కొంతసేపటికి పడమటి దిక్కున ఒక పెద్ద నక్షత్రము వంటిది లేచి, మిణుకుమనకుండా నిలకడగా వెలుగుతూ, నాలుగైదు నిమిషాలలో ఆకాశము దాటిపోవడము చూచి ఉంటారు. అది మనుషులు నివసిస్తున్న ఇల్లు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రము అని దాని పేరు. 2000 నవంబరు 2వ తేదీ నుండి ఆ ఇల్లు ఒక్క రోజు కూడా ఖాళీగా లేదు.

అక్కడివారు ఏమి తింటారు? ఎలా నిద్రపోతారు? నెలల తరబడి ఒకరి ముఖము ఒకరు చూచుకొంటూ విసుగుచెందరా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పడానికి, దానికి ముందు ఆకాశములో తిరిగిన మరొక ఇంటి సంగతి మేము ఎన్నుకొన్నాము. దాని పేరు మీర్. రష్యా భాషలో ఆ మాటకు శాంతి అనీ, లోకము అనీ రెండు అర్థాలున్నవి. రష్యావారు 1986 ఫిబ్రవరి 20న దాని మొదటి భాగాన్ని పైకి పంపారు. ఆ ఇంట్లో ఆరు నెలలు గడిపిన ఒక మిషనరీల కుమార్తె జీవితము మన కుటుంబములు తెలిసికొనదగినది.

మిషనరీల బిడ్డ

షానన్ లూసిడ్ గారు 1943 జనవరిలో చైనాలోని షాంఘై నగరములో పుట్టారు. తలిదండ్రులు బాప్టిస్టు మిషనరీలు. అది రెండవ ప్రపంచ యుద్ధ కాలము. ఆరు వారాల పసికందుగా ఉన్నప్పుడే జపాను సైన్యము ఆ కుటుంబాన్ని నిర్బంధ శిబిరములో పెట్టింది. ఖైదీల మార్పిడిలో విడుదలై వారు అమెరికా చేరారు. యుద్ధము ముగిసిన తరువాత మరల చైనా వెళ్లారు గాని, అక్కడి పరిస్థితులు మారడముతో తిరిగి వచ్చి ఓక్లహోమా రాష్ట్రములో స్థిరపడ్డారు.

ఆమె 1973లో జీవరసాయన శాస్త్రములో డాక్టరేటు పట్టా పొందారు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 1978లో మొట్టమొదటిసారిగా స్త్రీలను వ్యోమగాములుగా తీసుకొన్నది. ఆ ఆరుగురిలో ఈమె ఒకరు. అప్పటికే ముగ్గురు బిడ్డల తల్లి. తరువాత యాభై యేండ్లు దాటిన వయస్సులో రష్యా భాష నేర్చుకోవలసి వచ్చింది. మాస్కో దగ్గరనున్న స్టార్ సిటీలో ఒక సంవత్సరము ఉండి, పాఠాలన్నీ ఆ భాషలోనే విని, పరీక్షలన్నీ ఆ భాషలోనే ఇచ్చారు.

1996 మార్చి 22న అట్లాంటిస్ అనే నౌకలో ఆమె బయలుదేరారు. మీర్‌లో ఇద్దరు ఆమె కొరకు ఎదురుచూస్తున్నారు. నాయకుడు యూరి ఒనుఫ్రియెంకో, ఇంజనీరు యూరి ఉసచోవ్. ఇద్దరి పేరూ యూరియే. ఇద్దరికీ ఇంగ్లీషు అంతంతమాత్రమే.

అక్కడ మనుషులు ఎందుకు తేలుతారు?

అంత ఎత్తులో భూమి ఆకర్షణ ఉండదని అనేకులు అనుకొంటారు. అది నిజము కాదు. మీర్ సుమారు 390 కిలోమీటర్ల ఎత్తున తిరిగేది. అక్కడ కూడా భూమి ఆకర్షణ నేల మీద ఉన్నదానిలో దాదాపు 90 శాతము ఉంటుంది. మరి తేలడమెందుకు? చెరువు గట్టు మీద నిలబడి రాయి విసిరితే అది కొంత దూరము పోయి వంగి పడుతుంది. ఇంకా బలముగా విసిరితే ఇంకా దూరము పోయి పడుతుంది. గంటకు 28,000 కిలోమీటర్ల వేగముతో విసిరితే, అది పడుతూనే ఉంటుంది గాని, భూమి గుండ్రముగా ఉన్నందున నేల కూడా దాని క్రింద వంగిపోతూ ఉంటుంది. ఆ రాయి ఇక నేలను తాకదు, భూమి చుట్టూ తిరుగుతుంది. అంతరిక్ష కేంద్రము అటువంటి రాయి. ఇల్లూ, ఇంట్లోని మనుషులూ, గిన్నెలూ అన్నీ కలిసి పడుతూ ఉండుటచేత ఎవరికీ బరువు తెలియదు.

గంటన్నరకు ఒకసారి అది భూమిని చుట్టివస్తుంది. అందువలన రోజుకు సుమారు పదహారు సూర్యోదయాలు, పదహారు సూర్యాస్తమయాలు. ఏది పగలో ఏది రాత్రో అక్కడ సూర్యుడు చెప్పడు, గడియారమే చెప్పాలి. మీర్‌లో మాస్కో గడియారము నడిచేది.

ఒక దినము

ఉదయము ఎనిమిది గంటలకు లేచేవారు. ఇంటి ముఖ్య భాగము సుమారు 13 మీటర్ల పొడవు. మన ఆర్టీసీ బస్సు కంటే కాస్త పెద్దది. అందులోనే భోజనపు బల్ల, యంత్రాలు, యూరిలిద్దరూ నిద్రించే చిన్న అరలు. దానికి నాలుగు ప్రక్కల గదుల వంటి భాగాలు తగిలించి ఉండేవి. లూసిడ్ గారు స్పెక్టర్ అనే గదిలో తన నిద్రసంచిని గోడ కమ్మికి కట్టుకొని పడుకొనేవారు. కట్టుకోకపోతే నిద్రలో ఎక్కడికో తేలిపోవడమే!

స్నానము లేదు, తడి గుడ్డతో ఒళ్లు తుడుచుకోవడమే. నీళ్లు ఒలికితే క్రింద పడవు, బంతులై గాలిలో తిరుగుతాయి. గాలిలోని తేమను, అనగా మనుషుల చెమటను, ఊపిరితో వచ్చే ఆవిరిని యంత్రము పట్టి, శుద్ధిచేసి, మరల త్రాగుటకు ఇచ్చేది. నీటిని విద్యుత్తుతో విడగొట్టి పీల్చే ప్రాణవాయువు తయారుచేసేవారు. అక్కడ గాలి, నీరు ఊరకే దొరకవు.

ఆహారములో ఎక్కువ భాగము ఎండబెట్టినదే. సంచిలో వేడి నీళ్లు పోసి మెత్తబరచుకొని తినాలి. ఉదయము ఒక సంచి సూపు, ఒక సంచి పండ్ల రసము ఆమెకు ఇష్టమైన ఫలహారము. ముగ్గురూ బల్ల చుట్టూ తేలుతూ కలిసే తినేవారు.

రోజూ కసరత్తు తప్పదు. బరువు మోయని ఎముక అరిగిపోతుంది, వాడని కండ కరిగిపోతుంది. తగిన కసరత్తు లేకపోతే నెలకు ఒకటి నుండి ఒకటిన్నర శాతము వరకు ఎముక బలము తగ్గుతుందని వైద్యులు కనుగొన్నారు. అందుచేత నడుముకు సాగే తాళ్లు కట్టుకొని, నడిచే యంత్రము మీద పరుగెత్తాలి. ఆ పని లూసిడ్ గారికి బొత్తిగా ఇష్టము లేదు. అయినా ఆరు నెలలలో దాదాపు 400 గంటలు ఆ యంత్రము మీద, సైకిలు మీద గడిపారు.

ఆదివారము మాత్రము వేరుగా ఉండాలని ఆమె కోరిక. ఆ రోజు గులాబీ రంగు మేజోళ్లు తొడుక్కొనేవారు. రాత్రి భోజనమప్పుడు ఒక సంచి జెల్లీని ముగ్గురూ పంచుకొనేవారు. ‘ఈరోజు జెల్లీ రోజేనా?’ అని యూరి అడిగేవారట.

తాలు వెన్నులు

ఆమె చేసిన పరిశోధనలలో రెండు మన రైతు కుటుంబాలకు సులభముగా అర్థమవుతాయి. ఒకటి కముజు పిట్ట గ్రుడ్లది. పొదగదగిన 30 గ్రుడ్లను వెచ్చని పెట్టెలో ఉంచి, పదహారు రోజులలో ఒక్కొక్కటిగా తీసి, లోపల పిండము ఎలా ఎదుగుతున్నదో శాస్త్రజ్ఞులు చూచుటకు భద్రపరచారు. ఎదుగుదలలో లోపాలు నేల మీద కంటే ఎక్కువగా కనిపించాయి.

రెండవది గోధుమ. చిన్న పెట్టె వంటి తోటలో, దీపాల వెలుగులో, పొట్టి రకము గోధుమను నాటారు. మొలకలు వచ్చాయి, ఎదిగాయి, వెన్ను తీశాయి. అందరూ సంతోషించారు. కోత తరువాత నేల మీదికి తెచ్చి చూస్తే, వెన్నులలో ఒక్క గింజ లేదు. అన్నీ తాలే! పంట చేతికి వచ్చే వేళ తాలు పోతే రైతుకు ఎలాగుంటుందో మనకు తెలుసు. మూసియున్న గాలిలో పేరుకొన్న ఎథిలీన్ అనే వాయువు కారణమై ఉండవచ్చునని శాస్త్రజ్ఞులు భావించారు. ఇది కాయలను మగ్గించే వాయువే. వారు ఆ పని విడిచిపెట్టలేదు. 1997లో మీర్ మీదనే ఆవ జాతి మొక్కలు గింజ కట్టాయి, ఆ గింజలను మరల నాటితే మొలిచాయి. 1999 నాటికి వేరొక రకము గోధుమ కూడా గింజపట్టింది.

టీ త్రాగుతూ మాట్లాడిన మాటలు

ఒక సాయంకాలము భోజనమైన తరువాత ముగ్గురూ టీ త్రాగుతూ, బిస్కెట్లు తింటూ చిన్ననాటి సంగతులు చెప్పుకొన్నారు. లూసిడ్ గారు ఓక్లహోమాలో పెరిగారు. ఒనుఫ్రియెంకో యుక్రెయిన్‌లో, ఉసచోవ్ రష్యాలో పెరిగారు. ఆ రోజులలో అమెరికాకు, సోవియట్ దేశానికి మధ్య పగ. రష్యావారు ఎప్పుడు అణుబాంబు వేస్తారో అని ఆమె భయపడుతూ పెరిగారు. అమెరికావారు ఎప్పుడు వేస్తారో అని వారిద్దరూ అదే భయముతో పెరిగారు. ఎవరిని తలచుకొని పసితనములో వణికిపోయారో వారే ఇప్పుడు ఒకే బల్ల దగ్గర, ఒకే గాలి పీల్చుతూ, ఒకే నీటిని మరల మరల త్రాగుతూ బ్రతుకుతున్నారు. అది ఎంత వింత సంగతో ముగ్గురూ ఆ సాయంకాలము చెప్పుకొన్నారు.

ఇది ఊరకే కుదరలేదు. ఆమె వారి భాష నేర్చుకొన్నారు. వారు ఆమె తప్పుల మాటలను ఓపికగా విన్నారు. తినేటప్పుడు కలిసి తిన్నారు. యూరిలిద్దరూ కేంద్రము వెలుపలికి వెళ్లి పనిచేసినప్పుడు లోపల ఆమె ఒక్కరే ఉండేవారు.

ఎదురుచూపు

ఆగస్టు మొదటికి ఇంటికి చేరవలసిన ఆమెకు, తీసుకొనిపోయే నౌక రాకెట్లలో లోపము కనబడినదని, బయలుదేరడము ఆలస్యమవుతుందని కబురు వచ్చింది. తరువాత తుఫాను అడ్డువచ్చింది. దాదాపు ఆరు వారాలు ఎక్కువ ఉండవలసి వచ్చింది. సెప్టెంబరు 2న యూరిలిద్దరూ తమ వంతు ముగించుకొని నేలకు దిగిపోయారు. కొత్తగా వచ్చిన కోర్జున్, కలేరి అనువారితో ఆమె మిగిలారు. కుమార్తె ఏర్చి పంపిన పుస్తకాలే కాలక్షేపము. అందులో ఒక నవల సరిగ్గా ఆపద ఘట్టములో ఆగిపోయి, మిగిలిన కథ రెండవ భాగములో అని ముగిసింది. ఆ రెండవ భాగము సంచిలో లేదు. పైన పుస్తకాల దుకాణము ఎక్కడిది?

సెప్టెంబరు 26న ఆమె నేలకు దిగారు. మొత్తము 188 దినములు, సుమారు 12 కోట్ల కిలోమీటర్ల ప్రయాణము. మోసుకొని రావలసి ఉంటుందని వైద్యులు అనుకొన్నారు. ఆమె కొందరి ఆసరాతో తన కాళ్లతోనే నడిచి వచ్చారు. ఇష్టము లేకపోయినా చేసిన ఆ 400 గంటల కసరత్తు ఆ రోజు అక్కరకు వచ్చింది.

ఆమె పడుకొన్న గది

మరుసటి సంవత్సరము ఆ ఇంటికి కష్టాలు వచ్చాయి. 1997 ఫిబ్రవరి 23న ప్రాణవాయువునిచ్చే ఒక పరికరము అంటుకొని మంట లేచింది. లోపల ఆరుగురున్నారు. ముగ్గురేసి చొప్పున దిగిపోగల నౌకలు రెండున్నవి గాని, ఒకదానికి పోయే దారికి మంట అడ్డుగా ఉన్నది. అందరూ కలిసి ఆ ఆపదను దాటారు.

జూన్ 25న సరుకుల నౌక ఒకటి వచ్చి స్పెక్టర్ గదిని ఢీకొన్నది. లూసిడ్ గారు నిద్రించిన గది అదే. అప్పుడు అమెరికా వ్యోమగామి మైకేల్ ఫోల్ గారు అందులో ఉంటున్నారు. ఆ గదికి చిల్లి పడి గాలి బయటికి పోసాగింది. గది తలుపు మూయుదామంటే గడప గుండా తీగలు పోయి ఉన్నాయి. త్సిబ్లియెవ్, లజుత్కిన్, ఫోల్ ముగ్గురూ తొందరపడి తీగలు విప్పి, రానివాటిని కోసి, మూత బిగించారు. ఇల్లు నిలిచింది గాని, విద్యుత్తు సగానికి పడిపోయి, కేంద్రము అదుపు తప్పి దొర్లసాగింది. ఫోల్ గారు కిటికీ దగ్గర బొటనవ్రేలు చాచి, నక్షత్రాలు దాని ప్రక్కగా ఎంత వేగముగా కదులుతున్నవో చూచి లెక్కకట్టారు. ఆ లెక్క ప్రకారము తమ నౌక ఇంజన్లను కొద్దిసేపు వెలిగించి ఆ దొర్లుడు ఆపారు. దిగిపోవుటకు నౌక సిద్ధముగానే ఉన్నా వారు దిగిపోలేదు. మీర్ ఆ తరువాత 2001 మార్చి 23 వరకు నిలిచి, పసిఫిక్ మహాసముద్రములో దించబడింది.

నేటి ఇల్లు

మీర్‌లో నేర్చుకొన్న పాఠాలతోనే నేటి కేంద్రము కట్టబడింది. ఆ యూరిలిద్దరూ తరువాత దానికి నాయకులుగా పనిచేశారు. లూసిడ్ గారు నేల మీద హ్యూస్టన్‌లో కూర్చొని పైవారితో మాట్లాడే పని చేసి, 2012లో విశ్రాంతి తీసుకొన్నారు. మన దేశము నుండి 1984లో రాకేశ్ శర్మ గారు సల్యూట్ 7 అనే కేంద్రములో ఉండి వచ్చారు. 2025లో శుభాంశు శుక్లా గారు నేటి కేంద్రానికి వెళ్లి, అక్కడ మన మెంతులు, పెసలు మొలకెత్తించారు. ఎనిమిది రోజుల పని మీద 2024 జూన్‌లో వెళ్లిన సునీతా విలియమ్స్ గారు నౌకలోని లోపము వలన 2025 మార్చి వరకు తొమ్మిది నెలలకు పైగా ఉండిపోయారు. ఎదురుచూపు ఆ ఇంటికి కొత్త కాదు.

ఆ ఇంటిలో అలిగి లేచిపోవుటకు వేరొక గుమ్మము లేదు. ఒకడు గాలి పాడుచేస్తే అందరూ ఆ గాలే పీల్చాలి. కనుక వారు మాట్లాడుకోవడము నేర్చుకొంటారు. మన ఇండ్లకు గుమ్మాలున్నాయి గనుక ఆ అవసరము మనకు కనబడదు. గట్టు తగాదాతో ఏండ్ల తరబడి పలుకరించుకోని అన్నదమ్ములు మన ఊళ్లలో ఎందరు లేరు? బాంబుల భయములో పెరిగిన ముగ్గురు ఒక్క బల్ల దగ్గర టీ త్రాగగలిగారు. ఈ వారములో ఒక సాయంకాలము ఆ గట్టు దాటి వెళ్లి, ఒక గ్లాసు టీ అడిగి చూడండి.