కోడలికి రోజుకో భారత కథ

1999 జూన్ 19. కార్గిల్ యుద్ధం నడుస్తోంది. ద్రాస్ కొండల్లోంచి ఓ కొడుకు తండ్రికి ఉత్తరం రాశాడు. రెండు రోజుల్లో తన పుట్టినరోజు. వారం కిందటే అతని పటాలం తోలోలింగ్ శిఖరాన్ని గెలుచుకుంది. ఇంకా ఎక్కాల్సిన కొండలు ఎదురుగానే ఉన్నాయి.

రాసింది మేజర్ పద్మపాణి ఆచార్య, రెండో రాజపుతానా రైఫిల్స్. ఒడిశా మూలాలున్న హైదరాబాద్ కుటుంబం. ఇంట్లో అందరికీ బబ్లూ. తండ్రి జగన్నాథ్ ఆచార్య వైమానిక దళంలో వింగ్ కమాండర్‌గా చేసి రిటైరైన మనిషి. యుద్ధమంటే తెలిసిన తండ్రి కాబట్టి ఉత్తరంలో దాపరికం లేదు. ప్రాణనష్టం గురించి బెంగ పెట్టుకోవద్దన్నాడు. ఈ వృత్తిలో అది ఉన్నదే, మన చేతిలో లేనిదే, పోనీ మంచి పని కోసమేగా అన్నాడు. అమ్మకు వేరే కబురు పంపాడు: పోరులో నిలబడడం జన్మకు దక్కే గౌరవమని, అంతకు తక్కువ తాను కోరుకోనని చెప్పమన్నాడు.

ఆ తర్వాత మాట ఇంట్లోకి మళ్లింది. భార్య చారులత అప్పుడు కడుపుతో ఉంది. కోడలికి రోజూ మహాభారతంలోంచి ఒక కథ చెప్పమని తండ్రిని కోరాడు, పుట్టబోయే బిడ్డకు మంచి విలువలు అబ్బాలని.

ఈ సంచికకు అనుకున్నది కార్గిల్ యుద్ధం మీద కథనం. ఈ ఒక్క కోరిక దగ్గరికొచ్చాక యుద్ధం వెనక్కి జరిగింది.

తెలుగిళ్లలో ఈ మాట వినగానే గుర్తొచ్చేది అభిమన్యుడే. సుభద్ర కడుపులో ఉండగా పద్మవ్యూహంలోకి దారి విన్నాడు. బయటికొచ్చే దారి చెప్పకముందే కథ ఆగిపోయింది. బబ్లూకు పక్కన కూచుని చెప్పే వీలు లేదు. అందుకే తాతకు అప్పగించాడు, మధ్యలో ఆపకుండా రోజుకొకటి చొప్పున. బాంబుల మోత మధ్య కూచుని, ఇంట్లో సాయంత్రాలు ఎలా గడవాలో ఆలోచించిన మనిషి! ఆ తర్వాత అతనికి దక్కిన పతకం ముందు చేతులు జోడిస్తాం. ఈ కోరిక చదివితే మాత్రం గొంతు పట్టేస్తుంది.

యుద్ధం సంగతి రెండు ముక్కల్లో: శ్రీనగర్-లేహ్ రహదారికి పైనున్న శిఖరాలను పాకిస్థాన్ బలగాలు ఆక్రమించాయి. 1999 మే నుంచి జులై దాకా భారత జవాన్లు ఒక్కో కొండా ఎక్కి వెనక్కి తీసుకున్నారు. జూన్ 28న ‘నోల్’ అనే శత్రు స్థావరం మీదికి తన కంపెనీని నడిపించాడు మేజర్ ఆచార్య. తూటాలు దిగి కదల్లేని స్థితిలో, తనను వదిలి ముందుకు దూకమని జవాన్లను ఆదేశించి, తాను కాలుస్తూనే ఉన్నాడు. స్థావరం చేతికొచ్చింది. అతను తిరిగి రాలేదు. మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు.

కొన్ని నెలలకు పాప పుట్టింది. అపరాజిత అని పేరు పెట్టారు. నాన్నను చూడని ఆ పిల్లకు నాన్న పరిచయమైంది ఇంట్లోవాళ్ల మాటల్లో, దాచిన ఉత్తరాల్లో. పెద్దయ్యాక ఆయన మీద పుస్తకం రాసింది తనే.

అదే పటాలం, అదే పోరు

• ఆ పోరులో ఇదే పటాలం మరో ఇద్దరు యువ అధికారులను పోగొట్టుకుంది. నాగాలాండ్‌కు చెందిన కెప్టెన్ నైకెజాకువో కెంగురూసే, పట్టు దొరకని నిలువు రాతిని బూట్లు విప్పేసి ఎక్కాడు. ఆయనకూ మహావీర చక్ర దక్కింది.



• రెండో అధికారి, 22 ఏళ్ల కెప్టెన్ విజయంత్ థాపర్ కూడా ఇంటికో ఉత్తరం రాసిపెట్టి వెళ్లాడు. అందులోనూ ఓ అప్పగింత ఉంది: కుప్వారాలో తాను చేరదీసిన చిన్నపిల్లకు నెలనెలా 50 రూపాయలు ఇస్తూ ఉండమని.