బెట్టా చేపకు ఎంత చోటు కావాలి?

ఉద్దేశాలు

ఈ పాఠాన్ని చదివిన తరువాత మీరు:
• బెట్టా చేప సహజ ఆవాసాన్ని, శ్వాసక్రియను వివరించగలుగుతారు.
• నీటి పరిమాణానికి, చేప ఆరోగ్యానికి గల సంబంధాన్ని లెక్కలతో చూపగలుగుతారు.
• ఒక తొట్టెలో ఎన్ని లీటర్ల నీరు పడుతుందో గణించి, అది బెట్టాకు సరిపోతుందో లేదో నిర్ణయించగలుగుతారు.

1. పరిచయం

రంగు చేపలు అమ్మే దుకాణాల్లో చిన్న ప్లాస్టిక్ గ్లాసులు వరుసగా పేర్చి, ఒక్కో గ్లాసులో ఒక్కో చేపను ఉంచడం మీరు చూసే ఉంటారు. పొడవాటి రెక్కలతో, నీలం, ఎరుపు రంగుల్లో మెరిసే ఈ చేపను మన దగ్గర ‘ఫైటర్ ఫిష్’ అంటారు. దీని శాస్త్రీయ నామం బెట్టా స్ప్లెండెన్స్. 1910లో రీగన్ అనే శాస్త్రవేత్త దీనికి ఈ పేరు పెట్టాడు. 2019లో థాయ్‌లాండ్ ప్రభుత్వం దీనిని తమ జాతీయ జలచరంగా ప్రకటించింది.

‘ఇది ఎంత కొంచెం నీళ్లలోనైనా బతుకుతుంది, గాలి మోటారు కూడా అక్కర్లేదు’ అని దుకాణంలో చెబుతారు. ఈ మాటలో కొంత నిజం ఉంది. అందువల్లనే దానిని తేలికగా నమ్ముతాం. ఇందులో నిజమెంతో, పొరపాటు ఎక్కడుందో ఈ పాఠంలో పరిశీలిద్దాం.

2. సహజ ఆవాసం

బెట్టా మధ్య థాయ్‌లాండ్ మైదానాల్లోని వరి పొలాలు, చిత్తడి నేలలు, నెమ్మదిగా పారే కాలువల్లో నివసిస్తుంది. ఈ నీరు లోతు తక్కువ, మొక్కలు ఎక్కువ. ‘బెట్టా నీటి గుంటల్లో పుట్టిన చేప, దానికి చిన్న సీసా చాలు’ అనే వాదన ఇక్కడినుంచే పుట్టింది. అయితే లోతు తక్కువగా ఉండటం వేరు, విస్తీర్ణం తక్కువగా ఉండటం వేరు.

వరి పొలం మీకు తెలిసినదే కనుక దానితోనే లెక్క వేద్దాం. ఒక సెంటు అంటే సుమారు 40 చదరపు మీటర్లు. అందులో 10 సెంటీమీటర్ల లోతున నీరు నిలిచి ఉంటే, ఆ నీటి ఘనపరిమాణం సుమారు 4 ఘనపు మీటర్లు, అంటే 4,000 లీటర్లు. మోకాలు కూడా తడవని నీరు, ఒక్క సెంటు నేలలోనే ఇంత ఉంది. ఎండాకాలంలో పొలాలు ఆరిపోయినప్పుడు బెట్టాలు మిగిలిన కొద్దిపాటి నీటిలో చిక్కుకోవచ్చు. అది ఆపత్కాలం. కరువులో మనిషి గంజి తాగి ప్రాణం నిలుపుకున్నాడని, ఏడాది పొడవునా గంజి చాలని అనం కదా!

3. గాలి పీల్చే చేప

చాలా చేపలు నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను మొప్పల ద్వారా గ్రహిస్తాయి. బెట్టాకు మొప్పలతోపాటు వాటికి పైభాగాన ‘లాబిరింత్’ అనే అదనపు శ్వాసాంగం ఉంటుంది. మడతలు మడతలుగా ఉండే ఈ అవయవంలో రక్తనాళాలు సమృద్ధిగా ఉంటాయి. చేప నీటి ఉపరితలానికి వచ్చి, నోటితో గాలి తీసుకుని, దానిలోని ఆక్సిజన్‌ను ఈ అవయవం ద్వారా గ్రహిస్తుంది.

మన కొర్రమీను కూడా గాలి పీల్చగలిగిన చేపే. చేపల మార్కెట్లో తక్కువ నీరున్న తొట్లలో కొర్రమీనులు ప్రాణాలతో ఉండటానికి కారణం ఇదే. అంతమాత్రాన ఆ తొట్టి కొర్రమీనుకు తగిన నివాసం అని ఎవరూ అనుకోరు. గాలి పీల్చే శక్తి ఆక్సిజన్ కొరతను మాత్రమే తీరుస్తుంది. నీటిలో చేరే విషపదార్థాలను, చలిని, ఇరుకుతనాన్ని అది తీర్చలేదు.

4. నీటి పరిమాణం ఎందుకు ముఖ్యం?

4.1 వ్యర్థాల గాఢత: చేప తన శరీరంలో తయారైన అమ్మోనియాను ప్రధానంగా మొప్పల ద్వారా నీటిలోకి వదులుతుంది. మిగిలిపోయిన మేత కుళ్లినా అమ్మోనియా పుడుతుంది. ఒక చేప ఒక రోజులో వదిలే వ్యర్థం అర లీటరు నీటిలో కలిస్తే, 20 లీటర్లలో కలిసినప్పటి కంటే దాని గాఢత 40 రెట్లు ఉంటుంది. పైగా అమ్మోనియా విషప్రభావం నీటి పీహెచ్ విలువతో పెరుగుతుంది. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద, పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే విషపూరితమైన అమ్మోనియా భాగం తొమ్మిది రెట్లకు పైగా పెరుగుతుంది. మొప్పలు దెబ్బతినడం, రెక్కల అంచులు కుళ్లడం వంటి సమస్యలు చెడిన నీటితోనే మొదలవుతాయి.

ప్రకృతిలో బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా, దానిని నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ బాక్టీరియా ఇసుక, రాళ్లు, ఫిల్టరు స్పాంజి మీద పెరుగుతాయి. కొత్త తొట్టెలో ఇవి స్థిరపడటానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. రోజూ నీరంతా పారబోసి కడిగే గ్లాసులో ఇవి నిలదొక్కుకునే వీలే లేదు.

4.2 ఉష్ణోగ్రత: బెట్టాకు 24 నుంచి 28 డిగ్రీల వెచ్చని నీరు అనుకూలం. 10 సెంటీమీటర్ల భుజం గల ఘనాకార తొట్టెలో 1 లీటరు నీరు పడుతుంది. దాని మొత్తం తలాల వైశాల్యం 600 చదరపు సెంటీమీటర్లు. భుజాన్ని రెట్టింపు చేస్తే 8 లీటర్లు, 2,400 చదరపు సెంటీమీటర్లు. అంటే లీటరుకు 300 మాత్రమే. వేడి కోల్పోయే తలం లీటరుకు సగమైంది కాబట్టి పెద్ద తొట్టె నెమ్మదిగా చల్లబడుతుంది. ఆదిలాబాద్ వంటి చోట్ల శీతాకాలపు రాత్రి గ్లాసులోని నీరు గంటల్లోనే గది ఉష్ణోగ్రతకు పడిపోతుంది. చిన్న గ్లాసులో హీటరును సురక్షితంగా అమర్చడమూ కష్టమే.

4.3 కదలిక, ప్రవర్తన: ఎదిగిన బెట్టా పొడవు 6 సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. 8 సెంటీమీటర్ల వ్యాసం గల గ్లాసులో అది ఈదలేదు, తిరగగలదు అంతే. అవకాశం ఉన్నచోట ఇది తన హద్దులో తిరిగి చూసుకుంటుంది, ఆకుల మాటున విశ్రమిస్తుంది. మగ చేప నీటి పైభాగాన నురుగు గూడు కట్టి గుడ్లను కాపలా కాస్తుంది.

5. ఎన్ని లీటర్లు?

ఒక బెట్టాకు సుమారు 20 లీటర్ల నీరు మంచి ప్రమాణం. 10 లీటర్లను కనీస హద్దుగా భావించవచ్చు. అయితే అక్కడ నీటి పరీక్ష, మార్పిడి మరింత శ్రద్ధగా చేయాలి. తొట్టె కొనేముందు ఈ సూత్రం వాడండి:

నీరు (లీటర్లలో) = పొడవు × వెడల్పు × నీటి ఎత్తు (సెంటీమీటర్లలో) ÷ 1000

ఉదాహరణకు 45 సెంటీమీటర్ల పొడవు, 25 వెడల్పు గల తొట్టెలో 20 ఎత్తు వరకు నీరు పోస్తే 45 × 25 × 20 = 22,500. అంటే 22.5 లీటర్లు. ఇసుక, రాళ్లు ఆక్రమించే చోటు తీసివేస్తే దాదాపు 20 లీటర్లు మిగులుతుంది.

లీటర్లు ఒక్కటే చాలవు. కింది అంశాలను కూడా గమనించండి:
• ఎత్తు కంటే పొడవు ఎక్కువ ఉన్న తొట్టె మేలు. బరువైన రెక్కలున్న చేప గాలి కోసం పదేపదే పైకి రావాలి.
• మూత ఉండాలి, ఎందుకంటే బెట్టా ఎగిరి దూకుతుంది. మూతకు, నీటికి మధ్య గాలికి ఖాళీ వదలాలి.
• ఫిల్టరు ప్రవాహం మెల్లగా ఉండాలి. దాక్కోవడానికి మొక్కలు ఉండాలి.
• వారానికి నాలుగో వంతు నీరు మార్చాలి. కుళాయి నీటిలోని క్లోరిన్‌ను తొలగించాకే పోయాలి.

6. విడిగా ఉంచడం, ఇరుకుగా ఉంచడం

రెండు మగ బెట్టాలు కలిస్తే పోట్లాడి గాయపడతాయి. కాబట్టి వాటిని విడిగా ఉంచాలన్నది నిజం. కానీ విడిగా ఉంచడం అంటే ఇరుకుగా ఉంచడం కాదు. ఈ రెండింటినీ కలిపేయడంవల్లనే దుకాణంలోని తాత్కాలిక గ్లాసు ఇంట్లో శాశ్వత నివాసంగా మారుతోంది.

7. చట్టం ఏమంటోంది?

జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం, 1960 ప్రకారం మనిషి తప్ప ప్రతి ప్రాణీ ‘జంతువు’ నిర్వచనంలోకి వస్తుంది. కనుక చేప కూడా అందులో భాగమే. కదలడానికి సముచితమైన అవకాశం లేనంత చిన్న పంజరంలోగాని, పాత్రలోగాని జంతువును నిర్బంధించడం 11వ సెక్షన్ కింద నేరం. తన సంరక్షణలోని జంతువు క్షేమానికి తగిన చర్యలు తీసుకోవడం యజమాని విధి అని 3వ సెక్షన్ చెబుతోంది. ఈ చట్టంలో లీటర్ల లెక్క లేదు. ‘సముచితం’ అంటే ఎంత అన్న ప్రశ్నకు జవాబు ఈ పాఠంలో మీరు చదివిన జీవశాస్త్రంలోనే వెతకాలి.

8. సారాంశం

బెట్టా గాలి పీల్చగలదు కనుక కొద్ది నీటిలో కొంతకాలం ప్రాణం నిలుపుకుంటుంది. కానీ వ్యర్థాలు పలచబడటానికి, వేడి నిలకడగా ఉండటానికి, ఈదడానికి తగినంత నీరు కావాలి. చేప ఇంకా చనిపోలేదన్నది అది బాగున్నదనడానికి రుజువు కాదు. తొట్టె కొనే స్థోమత, స్థలం సమకూరాకే చేపను ఇంటికి తెచ్చుకోవడం మంచిది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. లాబిరింత్ అవయవం ఏ కొరతను తీరుస్తుంది? ఏ సమస్యలను తీర్చలేదు?
2. 30 × 20 సెంటీమీటర్ల అడుగు గల తొట్టెలో 20 సెంటీమీటర్ల ఎత్తున నీరుంది. ఎన్ని లీటర్లు? అది బెట్టాకు సరిపోతుందా?

జవాబుల సూచనలు

1. విభాగాలు 3, 4 చూడండి.
2. 12 లీటర్లు. కనీస హద్దు కంటే ఎక్కువే కానీ మంచి ప్రమాణం కంటే తక్కువ. ఇసుక, రాళ్లు వేస్తే నీరు ఇంకా తగ్గుతుందని గుర్తించండి.