పని తగ్గినా కంచం తగ్గకపోతే: కేలరీల లెక్క చెప్పే సంగతి

నెహ్రూ నగర్ (భిలాయి): ఉక్కు పట్టణం భిలాయిలో తెలుగువారి కథ కర్మాగారంతోనే మొదలైంది. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం మేరకు నిర్మించిన ఈ కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఉత్తరాంధ్ర నుంచి ఉపాధి కోసం తరలివచ్చిన కుటుంబాలు ఇక్కడే స్థిరపడ్డాయి. కొలిమి వేడిలో, మూడు షిఫ్టులలో శ్రమించిన దేహానికి కంచం నిండా అన్నం అవసరమే. పదవీ విరమణ చేసి నెహ్రూ నగర్ వంటి కాలనీలలో విశ్రాంతి తీసుకుంటున్నవారికి, కంప్యూటర్ ముందు కూర్చుని పనిచేసే వారి పిల్లలకు అదే కంచం అవసరమా అన్నది ఇప్పటి ప్రశ్న.

దీనికి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ అంకెలతో సమాధానమిస్తోంది. ఆ సంస్థ 2020లో సవరించిన ప్రమాణాల ప్రకారం 65 కిలోల పురుషుడు కఠిన శ్రమ చేస్తే రోజుకు 3,470 కిలో కేలరీలు, మధ్యస్థ శ్రమకు 2,710, కూర్చుని చేసే పనికి 2,110 చాలు. 55 కిలోల స్త్రీకి ఇవే అంకెలు వరుసగా 2,720, 2,130, 1,660. వాడుకలో మనం కేలరీ అంటున్నది ఈ కిలో కేలరీనే.

కఠిన శ్రమకూ కూర్చునే పనికీ మధ్య తేడా 1,360 కేలరీలు. వండిన అన్నం వంద గ్రాములలో దాదాపు 130 కేలరీలుంటాయి. అంటే ఆ తేడా కిలోకు పైగా అన్నంతో సమానం. యంత్రాల రాకతో ప్లాంటులోనూ చాలా పనులు తేలికయ్యాయి కనుక మధ్యస్థ శ్రమనే లెక్కలోకి తీసుకున్నా, రోజుకు 600 కేలరీలు మిగులుతాయి. ఉదయపు నడకతో ఇది సరిపోతుందనుకోవడం భ్రమ. 70 కిలోల వ్యక్తి అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 150 కేలరీలే. నడక గుండెకు, చక్కెర నియంత్రణకు ఎంతో మేలు చేస్తుంది. కంచంలోని అదనపు అన్నాన్ని మాత్రం పూర్తిగా కరిగించలేదు.

లెక్క రాసుకోవడం ఎందుకంటే, జ్ఞాపకం మోసం చేస్తుంది. ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గడం లేదని చెప్పిన కొందరిని పరీక్షించిన ఒక అధ్యయనం 1992లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడింది. వారు తాము తిన్నదానిని సగటున 47 శాతం తక్కువగా చెప్పారు. అబద్ధమాడాలని కాదు, వంటలో పోసిన నూనె, చేతికందిన కారప్పూస, టీలోని చక్కెర ఎవరి లెక్కలోకీ రావు. రెండు చెంచాల చక్కెరతో రోజుకు ఐదు టీలు తాగితే ఆ చక్కెర నుంచే దాదాపు 200 కేలరీలు వస్తాయి.

మన ఇళ్లలో వంట ఉమ్మడిది. విదేశీ యాప్‌లో పులుసుకూరను వెదికి ప్రయోజనం లేదు. దానికంటే సులభమైన మార్గం, గిన్నెకు బదులు సరుకును కొలవడం. 2,000 కేలరీల ఆహారంలో రోజుకు 250 గ్రాముల ధాన్యం, 400 గ్రాముల కూరగాయలు, 85 గ్రాముల పప్పులు లేదా గుడ్లు, మాంసం, 27 గ్రాముల నూనె, కొవ్వులు ఉండాలని ఇదే సంస్థ సూచిస్తోంది. నలుగురున్న ఇంట్లో నెలకు ఐదు లీటర్ల నూనె అయిపోతుంటే తలసరి రోజుకు 38 గ్రాములవుతుంది. పరిమితికి మించిన ఆ 11 గ్రాముల విలువ దాదాపు 100 కేలరీలు. డబ్బా ఎన్నాళ్లకు ఖాళీ అయిందో క్యాలెండర్‌పై రాసుకుంటే చాలు, ఏ యాప్ అక్కర్లేదు. బియ్యం సంచికీ ఇదే పద్ధతి. తిండి అలవాటులో ఆంధ్రుడికీ ఛత్తీస్‌గఢీయుడికీ పెద్ద తేడా లేదు. మన చద్దన్నం, ఇక్కడి బాసీ ఒకే కుటుంబానికి చెందినవి. అన్నం తగ్గించిన చోట పప్పు, కూర పెంచితేనే ఆకలి అదుపులో ఉంటుంది. కేవలం అన్నం మానేసినవారు సాయంత్రానికి మిక్చర్ పొట్లం విప్పడం చూస్తూనే ఉంటాం.

రోజుకు 500 కేలరీలు తగ్గిస్తే తొలి వారాలలో వారానికి సుమారు అర కిలో బరువు తగ్గవచ్చు. తరువాత వేగం మందగిస్తుంది. బరువు తగ్గిన దేహానికి అవసరమూ తగ్గడమే అందుకు కారణం. ఈ దశలో నిరాశపడి మానేసేవారే ఎక్కువ. వారానికి అర కిలో తగ్గడం సురక్షితమని, ఆహారం రోజుకు వెయ్యి కేలరీలకు దిగువకు పోరాదని పోషకాహార సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. తూకం యంత్రంతో పాటు టేపు కూడా దగ్గరుంచుకోవాలి. నడుము చుట్టుకొలత పురుషులలో 90, స్త్రీలలో 80 సెంటీమీటర్లు దాటితే బరువు మామూలుగా కనిపించినా ముప్పు ఉన్నట్లే.

ఇన్సులిన్ లేదా చక్కెరను తగ్గించే మాత్రలు వాడుతున్నవారు వైద్యుడిని సంప్రదించకుండా ఆహారం తగ్గిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు ఈ లెక్కతో బరువు తగ్గే ప్రయత్నం చేయకూడదు. వృద్ధులు అన్నం తగ్గించుకున్నా పప్పు, పెరుగు, గుడ్డు తగ్గించుకుంటే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది.