ఉత్తుత్తి కోర్టులో నిజమైన వాదన

'విత్తనాలు నాసిరకమని అంటున్నారు. సరే, పరీక్షకు పంపడానికి ఆ విత్తనాలేవీ?'

జడ్జి ప్రశ్నకు వాదిస్తున్న అమ్మాయి ఒక్క క్షణం తడబడింది. కాగితాలు తిరగేసింది. పక్కనున్న సహచరుడు ఓ చీటీ ముందుకు జరిపాడు. ఊపిరి పీల్చుకుని చెప్పిందామె... 'రైతు కొన్న విత్తనమంతా చేలోనే వేశాడు మైలార్డ్. రేపు కేసు పడుతుందని గుప్పెడు గింజలు ఎవరూ దాచిపెట్టుకోరు.'

ఆ జడ్జి నిజం జడ్జి కాదు, లెక్చరరు. ఆ కోర్టు హాలు ఓ తరగతి గది. రైతూ కల్పితమే, కంపెనీ కల్పితమే. లా కాలేజీల్లో జరిగే 'మూట్ కోర్టు' ఇలాగే ఉంటుంది. ఆ ప్రశ్న మాత్రం కల్పితం కాదు. మన రైతులు వేసిన కేసుల్లో అది సాక్షాత్తూ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది!

రైతు గెలిచాడు

నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ విత్తనాలు వేసి పంట నష్టపోయామంటూ ఆంధ్రప్రదేశ్ రైతులు కొందరు జిల్లా వినియోగదారుల ఫోరాలకు వెళ్లారు. పరిహారం ఇవ్వాలని తీర్పులొచ్చాయి. సంస్థ పై మెట్లన్నీ ఎక్కింది. విత్తన చట్టం ఉండగా వినియోగదారుల ఫోరానికి ఎలా వస్తారంది. పండించిన పంట అమ్ముకునేవాళ్లు వినియోగదారులు ఎలా అవుతారంది. నమూనాను ల్యాబుకు పంపకుండా లోపాన్ని ఎలా తేలుస్తారంది. 2012 జనవరి 16న సుప్రీంకోర్టు ఈ వాదనలన్నిటినీ తోసిపుచ్చింది. రైతు కూడా వినియోగదారుడేనని స్పష్టం చేసింది. ఉన్న గింజలన్నీ విత్తేసిన రైతును నమూనా తెమ్మనడం కుదరదంది.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురం సీమలో ఈ తీర్పు విలువ వేరే చెప్పాలా? అదును చూసి వేరుసెనగ వేస్తే మొలక రాదు. మొలక వస్తే వాన రాదు. ఏది ఆకాశం తప్పు, ఏది అమ్మినవాడి తప్పు అని తేల్చి చెప్పడానికి కోర్టులో ఓ గొంతు కావాలి. ఆ గొంతు తయారయ్యేది మూట్ కోర్టులోనే.

రెండు వైపులా తానే

మూట్ కోర్టు మూలాలు శతాబ్దాల కిందటి లండన్‌లో ఉన్నాయి. అక్కడి న్యాయవాదుల విద్యాలయాల్లో భోజనాలయ్యాక సీనియర్ల ముందు కుర్రాళ్లు కల్పిత వ్యాజ్యాలు వాదించేవారు. ఇప్పుడైతే పోటీకి కొన్ని వారాల ముందే 'సమస్య' చేతికిస్తారు. సాధారణంగా జట్టులో ముగ్గురుంటారు. ఇద్దరు వాదించేవాళ్లు, ఒకరు పరిశోధకులు. వాది తరఫున ఒకటి, ప్రతివాది తరఫున ఒకటి... రెండు 'మెమోరియల్స్' రాయాలి. అంటే నిన్న రైతు తరఫున రాసిన చెయ్యే ఇవాళ కంపెనీ తరఫున రాయాలన్నమాట. పోటీలో రెండు పాత్రలూ తప్పవు. బట్టీ పట్టి అప్పజెబుదామంటే కుదరదు. రెండో వాక్యం పూర్తయ్యేలోపే జడ్జి అడ్డుపడతారు. ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పి, తెగిన దారాన్ని మళ్లీ అందుకోవాలి. తెలియనిది తెలియదని ఒప్పుకోవడమూ అక్కడ నేర్చుకునే విద్యే.

బహుమతులూ అందుకు తగ్గట్టే ఉంటాయి. ఉత్తమ జట్టు, ఉత్తమ వక్త, ఉత్తమ మెమోరియల్, ఉత్తమ పరిశోధకుడు. స్నాతకోత్సవంలో మెడలో పడే బంగారు పతకం ఎంత చదివారో చెబుతుంది. మూట్ కోర్టు కప్పు, చదివింది అవసరానికి ఎంత గుర్తుకొచ్చిందో చెబుతుంది.

రెండొందల కిలోమీటర్ల దూరం

ఈ పోటీల్లో ప్రపంచకప్ లాంటిది 'జెసప్'. అంతర్జాతీయ న్యాయస్థానంలో జడ్జిగా పనిచేసిన ఫిలిప్ జెసప్ పేరు మీద జరుగుతుంది. 1960లో మొదలైంది. దాదాపు వంద దేశాల విద్యార్థులు తలపడే ఆ పోటీలో బెంగళూరులోని నేషనల్ లా స్కూల్ రెండుసార్లు, 1999లోనూ 2013లోనూ విజేతగా నిలిచింది.

అనంతపురం నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద దక్షిణంగా రెండొందల కిలోమీటర్లకు పైగా వెళ్తే బెంగళూరు. అదే రోడ్డు మీద ఉత్తరంగా వెళ్తే 1998లో నల్సార్ వెలసిన హైదరాబాద్. దేశంలో పేరున్న రెండు న్యాయ విశ్వవిద్యాలయాల దారి మధ్యలోనే ఉంది మన ఊరు. బస్సెక్కితే దగ్గరే. చదువుకు మాత్రం చాలా దూరం. ఆ విద్యాలయాల్లో సీటు ఇచ్చే క్లాట్ ఇంగ్లిషులోనే ఉంటుంది. కోచింగుకు, ఫీజులకు లక్షలు కావాలి. తెలుగు మీడియంలో చదివి, తెలుగులోనూ ప్రశ్నలుండే లాసెట్ రాసి, సొంత జిల్లాలో లా చదివే పిల్లలకు పోటీ మొదలయ్యేలోపే సగం సమయం భాషతోనే సరిపోతుంది. దూరపు నగరంలో పోటీ అంటే రైలు టికెట్లు, ప్రవేశ రుసుము, నల్ల కోటు... ప్రతిదీ లెక్క చూసుకోవాల్సిందే.

కానీ వాదన నేర్చుకోవడానికి ఢిల్లీయే వెళ్లక్కర్లేదు. బార్ కౌన్సిల్ పాఠ్యప్రణాళిక ప్రకారం ప్రతి లా విద్యార్థీ కనీసం మూడు మూట్ కోర్టుల్లో పాల్గొనాలి. ఒక్కోదానికి పది మార్కులు. రాతకు ఐదు, నోటి వాదనకు ఐదు. కోర్టుకు వెళ్లి ఒక సివిల్ కేసు, ఒక క్రిమినల్ కేసు విచారణ చూసి రాయాలి. రికార్డు రాసి సంతకం పెట్టించుకోవడంతో సరిపెట్టుకుంటే అవి ముప్ఫై మార్కులే. నిజంగా నిలబడి వాదిస్తే, జీవితానికి సరిపడా ధైర్యం!

దత్తమండల కళాశాల మెట్ల మీదుగా

భాష, డబ్బు, కులం... అన్ని గోడలూ దాటి వెళ్లిన ఒక విద్యార్థి అనంతపురానికి బాగా తెలుసు. పేరు దామోదరం సంజీవయ్య. 1921లో కర్నూలు దగ్గరి పెద్దపాడులో దళిత కుటుంబంలో పుట్టారు. పసితనంలోనే తండ్రి పోయాడు. బీఏ చదివింది అనంతపురం దత్తమండల కళాశాలలో. 1916లో మొదలైన ఆ కళాశాలే ఇప్పటి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల. డిగ్రీ చేతికొచ్చినా వెంటనే లా చదివే స్తోమత లేదు. చిన్న చిన్న ఉద్యోగాలు చేశారు. ఆ తర్వాతే మద్రాసు లా కాలేజీలో చేరగలిగారు. 1950లో న్యాయవాదిగా నమోదయ్యారు. పదేళ్లు తిరక్కుండానే, 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి ఆయన.

2008లో విశాఖలో ఏర్పడిన న్యాయ విశ్వవిద్యాలయానికి ఇప్పుడు ఆయన పేరే ఉంది. ఒకప్పుడు లా చదువుకు డబ్బు కోసం ఎదురుచూసిన కుర్రాడి పేరు, ఇవాళ లా పట్టాల మీద అచ్చవుతోంది!

సమస్యలకు కొదవా?

మూట్ కోర్టుకు 'సమస్య' తయారుచేయడం కష్టమంటారు అధ్యాపకులు. అనంతపురంలో ఆ కష్టం లేదు. మొలకెత్తని విత్తనం ఒకటి. పంట పోయినా అందని బీమా మరొకటి. పేదలకిచ్చిన అసైన్డ్ భూమిని 1977 చట్టం వద్దన్నా కొనేసినవాడు ఇంకొకటి. ఎండిన బోరు పక్కనే మరో బోరు వేసిన పొరుగువాడు... ఏ బెంచీ ముందు పెట్టినా గంటసేపు వాదించొచ్చు. హైకోర్టుకు ఇంగ్లిషు తప్పదు. కింది కోర్టుల్లో తెలుగుకు చోటుంది. అందుకే మూడు మూట్లలో ఒకటైనా తెలుగులో పెడితే బాగుంటుంది. సాక్షి 'ఆ పొద్దు నేను చేను కాడే ఉండాను సామీ' అంటే, ఆ మాటలోని బరువు పోకుండా చట్టం భాషలోకి తేగలిగినవాడే రేపు ఇక్కడ మంచి ప్లీడరు.

విద్యార్థి దశలో నిజం కోర్టులో వాదించే హక్కు లేదు. సాయపడే దారి మాత్రం ఉంది. లా కాలేజీలు న్యాయ సహాయ కేంద్రాలు నడపాలని, విద్యార్థులు గ్రామాలను దత్తత తీసుకోవచ్చని 2011 నాటి జాతీయ న్యాయసేవల నిబంధనలు చెబుతున్నాయి. ఇక 1987 న్యాయసేవల అధికార సంస్థల చట్టం పన్నెండో సెక్షన్ చూడండి. ఉచిత న్యాయ సహాయం ఎవరికి అందాలో చెప్పే జాబితా అది. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలతో పాటు అందులో మరో మాట ఉంది... కరువు బాధితులు!

వరుసగా వానలు మొహం చాటేసిన ఏడాది, అప్పు కాగితాలు సంచిలో పెట్టుకుని జిల్లా కోర్టు చెట్టు కింద కూర్చున్న రైతుకు ఆ సెక్షన్ సంగతి తెలియదు. తెలిసినవాళ్లు చెప్పాలి. మూట్ కోర్టులో కప్పు గెలిచిన అమ్మాయి ఆ చెట్టు దగ్గర ఆగి, 'ఏం కేసు పెద్దాయనా, కాగితాలు ఓసారి చూపించు' అని అడిగిన రోజున... గెలిచిన ఆ కప్పుకు అసలైన విలువ.